కూకట్‌పల్లి: తూము తీసిన చేతులు

మన ఊళ్లు, మన చరిత్ర – 11వ భాగం



పోయిన ఆషాఢంలో ఒక ఆదివారం సాయంత్రం మా స్టడీ సర్కిల్ ముగిశాక కేపీహెచ్‌బీలో ఒక ఛాయ్ బండి దగ్గర నిలబడ్డాం. మాలో ఒక చెల్లె ఉంది. నల్లగొండ జిల్లా నుంచి వచ్చి, ఇక్కడ హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటోంది. కొరియన్ సీరియళ్లు చూసీ చూసీ ఆ భాష కూడా నేర్చుకుంటోంది. ఆ రోజు మాకు జింజు అనే ఊరి గురించి చెప్పింది. దక్షిణ కొరియాలో, దక్షిణపు కొసకు దగ్గరగా ఒక చిన్న నగరం. నడుమ నుంచి నామ్ నది పారుతుంది. నది ఒడ్డున కోట. 1592లో జపాన్ సైన్యం ఆ కోట మీదికి వస్తే, లోపలివాళ్లు రాత్రిళ్లు నదిలో దీపాలు వదిలి బయటివాళ్లకు సైగలు చేశారట. అందుకే ఇప్పటికీ అక్టోబరు వస్తే నది నిండా దీపాల పండుగ. చలికాలం పొడి చలి, జూలైలో మనలాగే వానలు. చరిత్ర, భూగోళం, వాతావరణం, పండుగలు, నాలుగూ గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"మూడేండ్ల నుంచి కూకట్‌పల్లిల ఉంటున్నవు గదా చెల్లె, దీని గురించి గూడ గిట్లనే చెప్పరాదు" అన్నాను.

నవ్వింది. "దీనికేం చరిత్ర ఉంటదన్నా? హైటెక్ సిటీ వచ్చినంక పుట్టిన ఊరు గదా."

అప్పుడే బోనాల ఊరేగింపు ఒకటి మా ముందు నుంచి పోయింది. ముందు డప్పులు. చెల్లె కాళ్లు తనకు తెలియకుండానే దరువుకు కదిలాయి. వెంటనే ఆపేసుకుని చుట్టూ చూసింది. ఎందుకు చూసిందో నాకు తెలుసు. హాస్టల్లో తనది ఏ ఊరో చెప్తుంది గానీ, ఆ ఊళ్లో ఏ వాడో చెప్పదు.

ఈ భాగం ఆమె కోసం రాస్తున్నాను. జింజుకు ఆమె వాడిన ఆ నాలుగు మాటలే నేనూ వాడతాను. వరస మాత్రం మారుస్తాను. ముందు నేల, ఎందుకంటే మా చరిత్ర కాగితం మీద కంటే నేల మీదే ఎక్కువ దొరుకుతుంది.

1. నేల, నీళ్లు

కూకట్‌పల్లి దక్కన్ పీఠభూమి మీద, సముద్రమట్టానికి ఐదు వందల మీటర్లకు పైన ఉంది. కింద అంతా గ్రానైట్. పెద్ద నది లేదు. గుట్టల మధ్య పడిన వాన పల్లానికి పారుతుంది, అంతే. పారే నీళ్లకు అడ్డంగా కట్ట కడితే చెరువు. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువులోకి. దీన్నే గొలుసుకట్టు అంటాం. రంగధాముని చెరువు, నల్లచెరువు, ముళ్లకత్వ చెరువు, కాముని చెరువు, మూసాపేట మైసమ్మ చెరువు, హస్మత్‌పేట బోయిన్ చెరువు: ఇవన్నీ ఈ చుట్టుపక్కలవే.

ముంబై హైవే మీద పడమర వైపు పటాన్‌చెరు దాకా పోతే నీళ్లు దారి మార్చుకుంటాయి. అటు పడిన వాన నక్కవాగులోకి, దాని నుంచి మంజీరలోకి, చివరికి గోదావరిలోకి పోతుంది. కూకట్‌పల్లిలో పడిన వాన తూర్పు దక్షిణాలకు వంగి కూకట్‌పల్లి నాలాలోకి, హుస్సేన్‌సాగర్‌లోకి, మూసీలోకి పోయి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అంటే చెల్లె, నువ్వు ఇక్కడ వాడి పారబోసిన నీళ్లు మీ జిల్లాకే పోతున్నాయి.

ఇప్పుడు మనం ముక్కు మూసుకుని దాటే ఆ నాలా ఒకప్పుడు వాగు. 1562లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో కట్టిన హుస్సేన్‌సాగర్‌కు నీళ్లు తెచ్చే ముఖ్యమైన కాలువల్లో ఇదొకటి. 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ కట్టేదాకా నగరం హుస్సేన్‌సాగర్ నీళ్లు తాగింది. ఆ నీళ్లలో మన ఊరి వాన కూడా ఉంది.

చెరువు ఉందంటే దానికి ఒక మనిషి ఉండాలి. కట్టకు ఎక్కడ బుంగ పడిందో చూడాలి, అలుగు దగ్గర చెత్త తీయాలి, అర్ధరాత్రి లేచి తూము తీయాలి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలో లెక్క చూసి కట్టేయాలి. ఆయకట్టు చివరి మడి ఎండిపోతే తిట్లు తినాలి. తెలంగాణ ఊళ్లలో ఆయనను నీరటి అంటారు. చాలా ఊళ్లలో నీరటి మాలోడే. మా తాత నీరటి. కోతలప్పుడు కళ్లం దగ్గర నిలబడితే ఇంత వడ్లు కొలిచి పోసేవాళ్లు. అదే జీతం.

మా తాత తూము తీస్తేనే ఊరికి అన్నం. అదే తాత ఊరి బావిలో చేద వేయడానికి లేదు. మా వాడ బావి వేరే. ఎండాకాలం అది అడుగంటితే మా అవ్వ కడవ పట్టుకుని ఊరి బావి గట్టు కింద కూర్చునేది. ఎవరైనా దయతలిచి పైనుంచి పోస్తే పట్టుకోవాలి. ఊరి నీళ్లన్నీ చేతుల మీదుగా పంచే మనిషి పెళ్లాం ఒక్క కడవ కోసం కూర్చునేది. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగింది ఎందుకో మా అవ్వకు పుస్తకం చదివి చెప్పాల్సిన పని లేదు.

2. చరిత్ర

కూకట్‌పల్లికి చరిత్ర లేదు అనేవాళ్లు హస్మత్‌పేట పోయి రండి. అక్కడ రాళ్లను గుండ్రంగా పేర్చిన పాత సమాధులు ఉన్నాయి. మన ఊళ్లలో వీటిని రాక్షసగుళ్లు అంటారు. ఇనుప యుగం నాటివి. గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో కూడా ఇలాంటివే తవ్వి తీశారు. అంటే సైబరాబాద్ అని పేరు పెట్టుకున్న ఈ నేల మీద వేల ఏండ్ల కిందే ఇనుము పని తెలిసినవాళ్లు బతికారు, చనిపోయినవాళ్లను గౌరవంగా పూడ్చుకున్నారు.

రాజుల కాలాలు పుస్తకాల్లో చదువుకోవచ్చు. నేను భూమి దగ్గరికి వస్తాను. నిజాం కాలంలో నగరం చుట్టూ ఉన్న ఊళ్లను అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా అనేవాళ్లు. ఆ ఊళ్ల భూముల్లో చాలా భాగం సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం సొంత ఖర్చులకు శిస్తు కట్టే భూమి. ఇంకొన్ని ఊళ్లు పాయిగా నవాబులవి. కింద పటేలు, పట్వారి. ఆ కింద రైతు. అందరికంటే కింద వెట్టి చేసే మాల, మాదిగ. పొలిమేర చూపించేది మావాళ్లు, దండోరా వేసేది మాదిగ అన్నలు, సర్కారు నౌకరు వస్తే మూట మోసేది మేమిద్దరం.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ సర్కారులో కలిసింది, జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1954–55లో ఊరూరా ఖాస్రా పహాణీ రాశారు. భూమి గొడవ తెలిసిన ఎవరినైనా అడగండి, ఆ పహాణీ విలువ ఏమిటో చెప్తారు. అందులో ఎవరి పేరు ఉంటే వాళ్ల మనవలు ఇవాళ కోటీశ్వరులు. 1955లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది. ఊరి సేవకు ఇచ్చిన ఇనాం భూమి సాగులో ఉన్నవాళ్లకు చెందాలి. చట్టం మంచిదే. సాగులో ఎవరున్నారో రాసే కలం మాత్రం పట్వారి చేతిలో ఉంది. ఆ పట్వారీ వ్యవస్థ 1984 దాకా పోలేదు.

మా తాతకు నీరటి పని కింద చెరువు వెనక కొంచెం తరి ఉండేదని మా నాయిన చెప్పేవాడు. పహాణీలో మాత్రం వేరేవాళ్ల పేరు ఉంది. తాతకు ఆ సంగతి ఇరవై ఏండ్ల తర్వాత తెలిసింది. అప్పటికి ఆ భూమి రెండు చేతులు మారింది. "నాకు తెల్వదు బిడ్డా, నేను నీళ్లు చూసిన గాని కాయితం చూడలే" అన్నాడట. ఈ ఒక్క మాటలో తెలంగాణ దళితుల భూమి చరిత్ర సగం ఉంది.

మరోవైపు చూడండి. హైదర్‌నగర్, హఫీజ్‌పేట లాంటి పక్క ఊళ్ల భూముల కోసం పాయిగా వారసుల మధ్య 1958లో ఒక దావా పడింది. సి.ఎస్. నంబర్ 14. అది దశాబ్దాల పాటు కోర్టుల్లో తిరిగింది. వారసులు, కొనుగోలుదార్లు, కంపెనీలు, సర్కారు, అందరూ వకీళ్లను పెట్టుకుని వాదించారు. ఆ మడులు దున్నినవాళ్లు, ఆ మడులకు నీళ్లు పారించినవాళ్లు ఏ కోర్టు మెట్టు మీద నిలబడాలి? చూపడానికి వాళ్లకు కాగితం ఎక్కడిది?

ఆ తర్వాతి కథ త్వరగా చెప్తాను, మీకు తెలిసిందే. 1961లో డిటోనేటర్ల ఫ్యాక్టరీ ఐడీఎల్ వచ్చింది. రంగధాముని చెరువు పేరు జనం నోట్లో ఐడీఎల్ చెరువు అయింది. బాలానగర్ వైపు ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ, ఇంకా ఎన్నో పరిశ్రమలు. 1972లో జేఎన్‌టీయూ. తర్వాత హౌసింగ్ బోర్డు కాలనీ: ఎల్‌ఐజీ, ఎంఐజీ, హెచ్‌ఐజీ. మనిషి ఆదాయాన్ని బట్టి ఇల్లు, ఇంటిని బట్టి వీధి. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఆ ఉద్యోగాలకు వచ్చిన పిల్లలకు గది కావాలి, అన్నం కావాలి, కోచింగ్ కావాలి. కూకట్‌పల్లి అవన్నీ ఇచ్చింది. 2007లో మున్సిపాలిటీ పోయి జీహెచ్‌ఎంసీలో కలిసింది. 2017 నవంబరులో మెట్రో వచ్చింది. 2025 ఆగస్టులో హౌసింగ్ బోర్డు వేలంలో ఇక్కడ ఎకరం 70 కోట్ల రూపాయల దాకా పలికింది.

ఈ వరసలో మా ఇల్లు ఎక్కడుంది? తాత చెరువు మీద. అవ్వ కాలనీలకు కంకర మోసింది. నాయిన ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టర్ కింద ఇరవై రెండేండ్లు పనిచేసి పర్మినెంట్ కాకుండానే దిగిపోయాడు. నేను చదువుకుని ఇదే కాలనీలో అద్దె గది వెతికితే మూడో ఇంట్లో "మీరేమిట్లు?" అని అడిగారు. చెప్పాను. గది అప్పటికే వేరేవాళ్లకు మాట ఇచ్చామన్నారు. టు-లెట్ బోర్డు మాత్రం ఇంకో నెల అక్కడే వేలాడింది.

3. ఎండ, వాన

మార్చి నుంచే ఎండ మొదలు. మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలే. హైదరాబాద్‌లో 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు నమోదైంది. చలికాలం హాయి. ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల వాన, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపల. ఈ లెక్క తెలిసే మన పూర్వీకులు చెరువులు కట్టారు. నాలుగు నెలల వానను పన్నెండు నెలలకు దాచుకోవాలి కదా.

అదే లెక్క ఇప్పుడు మీదపడి కొడుతోంది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 గంటల్లో 241.5 మిల్లీమీటర్లు కురిసింది. ఏడాది వానలో మూడో వంతుకు దగ్గర, ఒక్క రోజులో. నాలా పొంగి పల్లపు బస్తీలను ముంచింది. 2020 అక్టోబరు 13న మళ్లీ 191.8 మిల్లీమీటర్లు. వాన అందరి మీదా సమానంగానే పడుతుంది. నీళ్లు నిలిచేది మాత్రం పల్లంలో. పల్లంలో ఎవరుంటారు? నాలా పక్కన జాగా అగ్గువ. అగ్గువ ఉన్నచోటే మనం.

చెరువు శిఖం భూముల కథ కూడా ఇంతే. 2024 జూలైలో సర్కారు హైడ్రా అనే సంస్థ పెట్టింది. సెప్టెంబరు 22న, ఆదివారం, అది కూకట్‌పల్లి నల్లచెరువు దగ్గర కట్టడాలు కూల్చింది. 27 ఎకరాల చెరువులో దాదాపు 7 ఎకరాలు ఆక్రమణలో ఉన్నాయని చెప్పింది. చెరువు బతకాలి, అందులో నాకు రెండో మాట లేదు. నీరటి మనవడిని, చెరువు పూడితే నాకెందుకు సంతోషం? కానీ ఆ రోజు ఏడ్చింది ఎవరు? షెడ్లు అద్దెకు తీసుకుని క్యాటరింగ్ లాంటి చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్లు. సామాన్లు తీసుకునే టైమ్ కూడా ఇవ్వలేదని మొత్తుకున్నారు. శిఖాన్ని ప్లాట్లు చేసి అమ్మినవాడు ఏ ఫోటోలోనూ కనబడలేదు.

వాన పడ్డ మర్నాడు రోడ్డు మీద మ్యాన్‌హోల్ మూత ఎత్తి లోపలికి వంగే మనిషిని చూడండి. ఆయన కులం ఏమిటని నేను మిమ్మల్ని అడగను, మీకు తెలుసు. ఆ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. 2014లో సుప్రీంకోర్టు మురుగు కాలువల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. చావుకు ధర పెరిగింది గానీ చావు ఆగలేదు. మా తాత తూము తీశాడు. మా పెదనాయిన కొడుకు మ్యాన్‌హోల్ మూతలు తీశాడు. నీళ్ల పని మమ్మల్ని వదల్లేదు, నీళ్ల మీద మాకున్న తెలివికి మాత్రం విలువ లేకుండా పోయింది.

4. పండుగలు

వాతావరణం తర్వాత పండుగలు పెట్టడానికి కారణం ఉంది. బోనం వాతావరణం నుంచే పుట్టింది. ఎండ పోయి తొలి వాన పడగానే బావుల్లోకి, చెరువుల్లోకి చెత్తంతా కొట్టుకొస్తుంది. గత్తర వస్తుంది. ఇప్పటి మాటలో కలరా. పిల్లలు వాంతులు, విరేచనాలతో రాలిపోయేవాళ్లు. ఎండాకాలం అయితే అమ్మవారు, అంటే మశూచి. ఇండియా ఆ రోగం నుంచి బయటపడింది 1970లలో. అంతకు ముందు వందల ఏండ్లు మా అవ్వలకు మందు లేదు, డాక్టరు లేడు. ఉన్నది వేపాకు, పసుపు, పోచమ్మ. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి కథ కూడా ఇదే చెప్తుంది. 1813లో ఇక్కడ గత్తర లేచింది, ఉజ్జయినిలో ఉన్న సిపాయి ఒకరు మొక్కుకున్నారు, తిరిగొచ్చి అమ్మవారిని నిలబెట్టారు.

గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్, లాల్‌దర్వాజ అయ్యాక శివారు ఊళ్లలో బోనాలు శ్రావణం దాకా సాగుతాయి. కొత్త కుండ, అందులో అన్నం, పైన దీపం, చుట్టూ వేపమండలు. పోతరాజు, ఫలహార బండి, తొట్టెల, ఘటం. ఇక్కడి తల్లులకు రాజభవనాలు లేవు. కట్ట మైసమ్మ చెరువు కట్ట మీద ఉంటుంది, పోచమ్మ వేపచెట్టు కింద ఉంటుంది, ఎల్లమ్మ ఊరి చివర ఉంటుంది. మనం ఎక్కడుంటే అక్కడే. చెరువు పూడ్చి అపార్ట్‌మెంట్ కట్టినవాళ్లు కూడా గేటు పక్కన మైసమ్మకు రెండడుగుల గుడి వదిలారు, భయంతో. మీ వీధిలో ఒక్క మైసమ్మ గుడి ఉంటే ఆగి చూడండి. దగ్గరలో ఎక్కడో కట్టో, కుంటో ఉండి ఉంటుంది. పటంలో లేని చెరువు జాడ ఆమె చెప్తుంది.

బోనాలు, బతుకమ్మ 2014లో రాష్ట్ర పండుగలయ్యాయి. సంతోషమే. కానీ నేను నిజం రాస్తానని మీకు మాటిచ్చాను. సద్దుల బతుకమ్మ నాడు చెరువు దగ్గర మా అవ్వవాళ్లు తమ బతుకమ్మను వేరే పెట్టుకునేవాళ్లు. తంగేడు, గునుగు కోసుకొచ్చి ఊరికి అమ్మింది వాళ్లే, ఊరి వరసలో ఆడనిచ్చింది మాత్రం లేదు. అమ్మవారి పేరు మీద మన వాడల ఆడపిల్లలను జోగినులుగా మార్చారు. దాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో చట్టం రావడానికి 1988 దాకా పట్టింది. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ దాని మీద కొట్లాడి అప్పటికి ఎన్నో ఏండ్లయింది. పండుగను ప్రేమించేవాళ్లు ఇది దాచకూడదు.

డప్పు సంగతీ అంతే. చావుకు, చాటింపుకు, ఊరేగింపుకు మాదిగ అన్న డప్పు కొట్టాలి. కొట్టకపోతే దెబ్బలు. కొట్టినా అంటు పోదు. ఆ డప్పునే 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా తన గుర్తు చేసుకుంది. ఊరి కోసం కొట్టిన డప్పును తమ కోసం కొట్టారు. నేను మాలవాడ మనిషిని. వర్గీకరణ మీద మా రెండు వాడల మధ్య ఎంత మాటా మాటా పెరిగినా, ఆ రోజు ఆ దరువు నాకూ ధైర్యం నేర్పింది. అది ఒప్పుకోకుండా ఈ చరిత్ర రాయలేను.

ఇప్పటి కూకట్‌పల్లిలో పండుగలు చాలా కలిశాయి. సంక్రాంతికి సగం ఊరు విజయవాడ రోడ్డెక్కి ఖాళీ అవుతుంది. ఐడీఎల్ చెరువులో గణపతులు మునుగుతాయి. మొహర్రంకు పీరీలు లేస్తాయి. క్రిస్మస్‌కు మన వాడల చర్చిల మీద నక్షత్రాలు వెలుగుతాయి. ఏప్రిల్ 14కు నీలి జెండాలు. నా లెక్కలో అది కూడా ఈ ఊరి పండుగే.

5. మళ్లీ జింజుకు

చెల్లె, నువ్వు చెప్పిన జింజు గురించి నేను నీకు ఒకటి బాకీ ఉన్నాను.

కొరియాలో బెక్‌జొంగ్ అనేవాళ్లు ఉండేవాళ్లు. పశువులు కోయడం, తోలు పని, బుట్టలల్లడం. ఊరికి దూరంగా ఉండాలి. 1894లో చట్టం వాళ్ల హీన హోదాను రద్దు చేసింది. అయినా 1909లో ఇదే జింజులో వాళ్లతో కలిసి చర్చిలో ప్రార్థన చేయమని మిగతావాళ్లు గొడవ పడ్డారు. వాళ్ల పిల్లలను బడిలోకి రానివ్వలేదు. ఆ అవమానం లోంచి 1923 ఏప్రిల్‌లో, నువ్వు చెప్పిన ఆ కోట ఉన్న ఊళ్లోనే, ఒక సంఘం పుట్టింది. పేరు హ్యొంగ్‌ప్యొంగ్‌సా. హ్యొంగ్ అంటే త్రాసు, ప్యొంగ్ అంటే సమానం. మాంసం తూచే త్రాసు వాళ్ల పనిముట్టు. దాన్నే సమానత్వానికి పేరు చేసుకున్నారు. పన్నెండేండ్లు దేశమంతా కొట్లాడారు. 1996లో జింజు కోట దగ్గర ఆ ఉద్యమానికి స్మారకం నిలబెట్టారు.

దానికి ఏడాది ముందు, 1922 మార్చి 3న, జపాన్‌లోని క్యోటోలో బురాకు ప్రజలు సుయిహెయ్‌షా పెట్టారు. దానికంటే ముందే, 1906లో, మన హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ జగన్మిత్ర మండలి పెట్టి వాడవాడకు తిరిగాడు. 1917లో బెజవాడలో పంచములం కాదు, ఈ నేల తొలి మనుషులం అని చెప్పించాడు. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యంలో మనవాళ్లు ఆది హిందువులుగా నమోదయ్యారు.  ఒకే రకం అవమానం ఒకే రకం జవాబు పుట్టించింది. నువ్వు ఆ ఊరి కోట నేర్చుకున్నావు, దీపాలు నేర్చుకున్నావు. త్రాసు కూడా నేర్చుకో. అది నీ చుట్టాల కథ.

మన దగ్గర పేర్లు పెట్టారు. బాలానగర్ మెట్రో స్టేషన్‌కు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు ఉంది. 2021లో తెరిచిన బాలానగర్ ఫ్లైఓవర్‌కు బాబూ జగ్జీవన్‌రామ్ పేరు పెట్టి, దాన్ని కట్టిన కూలీల్లో ఒక మహిళతో రిబ్బన్ కత్తిరింపజేశారు. మంచిదే. రోజూ ఆ స్టేషన్ పేరు మైకులో వినబడితే నాకు బాగుంటుంది. కానీ స్టేషన్ కింద నేల ఎవరిది, ఆ నేలకు నీళ్లు పారించింది ఎవరు అనే సంగతి ఏ బోర్డు మీదా లేదు. అది మనమే రాయాలి. ఇక్కడికి కొద్ది దూరంలోని సెంట్రల్ యూనివర్సిటీలో 2016 జనవరి 17న రోహిత్ వేముల పోయినప్పుడు ఈ చెల్లె ఇంకా బడి పిల్ల. ఇవాళ అదే నగరంలో కాళ్లు దరువేస్తే భయపడి ఆపుకుంటోంది. ఈ ఊరికి చరిత్ర లేదని ఆమె నమ్మితే, తనకూ లేదని నమ్ముతుంది. నా భయం అదే.

ఇవన్నీ ఆ రోజు ఛాయ్ బండి దగ్గర కొంత, తర్వాతి రెండు ఆదివారాలు కొంత చెప్పాను. చివర్లో ఒక పని ఇచ్చాను: మీ ఊరి చెరువుకు నీరటి ఎవరో మీ నాయనమ్మను అడుగు.

ఫోన్ చేసింది. "నీకెందుకే ఆ ముచ్చట, మంచిగ సదువుకో" అని నాయనమ్మ పెట్టేసిందట. చెల్లె ముఖం చిన్నబోయింది. నేనూ ఏమనలేదు. మన ముసలివాళ్లు ఆ ముచ్చట దాచింది మనల్ని కాపాడటానికే.

ఆ రాత్రి పది గంటలకు నాయనమ్మే తిరిగి చేసింది. నలభై నిమిషాలు మాట్లాడింది. చెల్లె హాస్టల్ మెట్ల మీద కూర్చుని నోటుబుక్కులో రాసుకుంది.

ఆమె ఏం చెప్పిందో నేను రాయను. 12వ భాగం ఆ చెల్లెది. తన పేరు పెట్టుకోవాలా వద్దా అనేది ఇంకా తేల్చుకోలేదు. తొందర లేదని చెప్పాను.

ఈ లోపు మీరు కూడా మీ అవ్వనో, తాతనో అడగండి. చెరువు పేరు, నీరటి పేరు, వాడ బావి ఎక్కడుండేది, పహాణీలో ఎవరి పేరు ఉంది. వాళ్లు ఉన్నప్పుడే రాసిపెట్టుకోండి.

జై భీమ్.